డయల్ మీద కంపెనీ పేరు లేని స్విస్ వాచీ

ముందు ఒక్క మాట: దాన్ని పాలిష్‌కి ఇవ్వకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మీ మేనమామగారు ఎప్పుడో స్విట్జర్లాండ్ నుంచి తెచ్చిన కీ ఇచ్చే వాచీ, డయల్ మీద కంపెనీ పేరు లేదు, ఎవరో మనిషి పేరూ దాని కింద "ఎకోల్ దొర్లోజరీ" అనీ ఉంది, ఇది నకిలీదా, మెరుగు పెట్టించి అమ్మితే ఎంతొస్తుంది అని అడిగారు. ఆ ఫ్రెంచి మాటకు గడియారాల బడి అని అర్థం. చాలావరకు అది నకిలీ అయ్యుండదు. ఆ పేరు ఆ బడిలో చదివిన విద్యార్థిది. చదువు చివర్లో తన చేత్తో కూర్చుకున్న వాచీ అది. అక్కడ వీటిని బడి వాచీలనే అంటారు.

జెనీవాలో ఇలాంటి బడి 1824లోనే పెట్టారు. లా షో-ద-ఫోన్‌లో 1865లో, పక్కనే ఉన్న ల లోక్ల్‌లో 1868లో వచ్చాయి. జర్మనీలో గ్లాస్‌హ్యూటె బడి 1878 నాటిది. అక్కడ పాఠాలు చెప్పిన ఆల్ఫ్రెడ్ హెల్విగ్ 1920లో ఫ్లయింగ్ టూర్బియాన్ తయారుచేశాడు. అంటే, వాచీ ఏ వైపు ఉన్నా టైములో తేడా తగ్గేలా అందులో ఊగే చక్రాన్నే గుండ్రంగా తిప్పే పంజరం, ఒక్క వైపే ఆధారం ఉండేది. ఆయన శిష్యులు చేసినవి ఏవైనా బయటపడితే వాటి సంగతే వేరు. మనకు దొరికేవి అంత గొప్పవి కావు లెండి.

నేను స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో ఇలాంటిదే కొన్నాను. లోపల యూనిటాస్ అనే స్విస్ కంపెనీ 6498 రకం మిషను, అంటే వాచీని నడిపే చక్రాల కూర్పు. జేబు గడియారాల కోసం పుట్టిన మిషను కాబట్టి 36.6 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, నేర్చుకునేవాళ్ళ చేతికి వీలు. బళ్ళలో దాన్ని ఎక్కువగా వాడింది అందుకే. ఫ్యాక్టరీ నుంచి ముతక మిషను వస్తుంది. దాని అంచులు ఆకురాయితో ఏటవాలుగా తీయడం, ఇరుసుల కొనలు నున్నగా చేయడం, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రానికుండే సన్నటి స్ప్రింగ్ సరిచేయడం, వాచీని పడుకోబెట్టినా నిలబెట్టినా టైము ఒకేలా వచ్చేట్టు చూడడం విద్యార్థి పని. చెవి దగ్గర పెట్టుకుంటే మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా గుర్తొచ్చింది. రెండూ గంటకు 18,000 సార్లే కొట్టుకుంటాయి మరి.

భూతద్దంలో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పైన చక్రాలను పట్టి ఉంచే పలక (బ్రిడ్జి) అంచుకి లోపలి వైపు తిరిగే మూలలు రెండున్నాయి. అలాంటి మూల సూదిమొనలా రావాలంటే యంత్రం వల్ల కాదు, చేత్తో ఆకురాయి పట్టాల్సిందే. నా వాచీలో ఒక మూల కత్తిలా వచ్చింది. రెండోది కాస్త గుండ్రంగా పోయింది, పక్కనే ఆకురాయి జారిన సన్నటి గీత. కీ వెనక్కి తిరగకుండా ఆపే చిన్న స్ప్రింగ్ అయితే ఆ కుర్రాడే స్టీలు రేకు కోసి చేసుకున్నట్టున్నాడు, కొద్దిగా వంకర.

ఆ స్ప్రింగ్ దగ్గరే నా కొంప మునిగింది. సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు వాచీ చేయి జారి కింద పడి ఆగిపోయింది. ఒక షాపులో ఇచ్చి, "సర్వీసింగ్ చేయండి" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాను. తప్పు నాదే. రెండ్రోజుల తర్వాత ఆయన ఎంతో సంతోషంగా చేతికిచ్చాడు. "ఎవరో నేర్చుకునే కుర్రాడు పాడు చేసినట్టున్నాడు సార్, ఆ స్ప్రింగ్ తీసేసి కొత్తది వేశా. కేసు కూడా బఫింగ్ కొట్టించా, దానికి డబ్బులొద్దు." ఈ మిషన్‌కి చైనాలో నకలు తయారవుతుంది, పార్టులు తేలిగ్గా దొరుకుతాయి. దొరక్కపోయినా బాగుండేది! పాత స్ప్రింగ్ కోసం ఆయన మాత్రల సీసాలో పోసిన తుక్కంతా కాగితం మీద బోర్లించి వెతికిచ్చాడు, పాపం. అది మళ్ళీ వేయించుకున్నాను. వెనక మూత మీద చెక్కిన పొడి అక్షరాలూ సంవత్సరమూ మాత్రం పోయాయి. ఇప్పుడు వెలుతురుకి వాల్చి చూస్తే 7 తోక ఒక్కటి కనిపిస్తుంది.

ఇక మీ వాచీ. మూత తీయించండి, కానీ మీ కళ్ళముందే. బ్యాలెన్స్ చక్రం కింద మిషన్ నెంబరు సాధారణంగా ఉంటుంది. అంచుల్లో చేతిపని కనబడుతోందా చూడండి. మరీ ఒక్కతీరుగా, అద్దంలా ఉందంటే అనుమానించండి. మామూలు మిషన్ మీద బడి పేరున్న కొత్త డయల్ తగిలించడం పెద్ద కష్టమేం కాదు. మీ మేనమామగారి పెట్టెలో బిల్లు, ఉత్తరం లాంటిదేమైనా ఉంటే దాచండి. డయల్ మీద ఊరి పేరుంటే ఆ ఊరి బడికి ఫొటోలతో రాసి అడగండి.

ధర సంగతి: మూడు ముళ్ళ మామూలు బడి వాచీకి పేరున్న కంపెనీ వాచీకి వచ్చినంత రాదు, దానికోసం వెతికేవాళ్ళు తక్కువ. స్టాప్‌వాచ్ ఉన్న క్రోనోగ్రాఫ్ అయితే లెక్క మారుతుంది. కేసు పక్కన కీ కాకుండా ఇంకో రెండు బటన్లున్నాయా? మీరు పెట్టిన ఫొటోలో ఆ వైపు చేయి అడ్డమొచ్చింది. అదొకటీ, మూత తీశాక లోపలిదొకటీ తీసి పెట్టండి, చూసి చెప్తాను.