నాలుగు వాల్వులూ ఒకేసారి తిప్పితే

ప్రశ్న: మాది నార్పల దగ్గర పల్లె. ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. మావాడికి 30 ఏండ్లు. అనంతపురంలో బీటెక్ చదివి, బెంగళూరులో ఐదేండ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, రెండేండ్ల కిందట మానేసి వచ్చినాడు. సొంత కంపెనీ అంటాడు. అదీ ఒకటి కాదు, నాలుగు పనులు పెట్టుకున్నాడు. రాత్రి రెండింటిదాకా గదిలో లైటు ఆరదు. పెండ్లిండ్లకు రాడు, వచ్చినా చేతిలో ఫోనే. కోడలు ఏమీ అనదు. పాపకు మూడేండ్లు. మళ్లీ ఉద్యోగానికి పొమ్మని మీరైనా చెప్పండి సార్.
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: అయ్యా, మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేసి మీ అబ్బాయితో రెండుసార్లు మాట్లాడాను. ఉద్యోగానికి పొమ్మని మాత్రం చెప్పలేదు.

ముందు మీకు తెలియని సంగతి ఒకటి. బెంగళూరు కంపెనీ ఒకటి అతనికి రోజుకు నాలుగు గంటల పని ఇస్తోంది. దాని మీద నెలకు 45 వేల దాకా వస్తోంది, ఇల్లు నడుస్తున్నది దానితోనే. మీకెందుకు చెప్పలేదని అడిగాను. “చెప్తే, మిగతావన్నీ ఎందుకురా, అదొక్కటే చేసుకో అంటాడు సార్ మా నాయన” అన్నాడు. అంటారా, అనరా?

ఆ మిగతావి మూడు. ప్రైవేటు స్కూళ్లకు ఫీజుల లెక్క చూసి తల్లిదండ్రులకు మెసేజీలు పంపే సాఫ్ట్‌వేర్. ధర్మవరంలో మీ చెల్లెలి ఇంటి మగ్గాల మీద నేసిన చీరలు ఆన్‌లైన్‌లో అమ్మడం. చీనీ ధరల ఆప్.

ఏ గంటలో ఏం చేశావో వారం పాటు కాగితం మీద రాయమన్నాను. ఫోటో తీసి పంపాడు. అందులో మంగళవారం చూడండి. పొద్దున 6:40కి మార్కెట్ యార్డులో తెలిసినాయనకు ఫోన్ చేసి, నిన్నటి ధర కనుక్కొని ఆప్‌లో ఎక్కించాడు. 7:15కి స్కూలు కరెస్పాండెంట్ ఫోను, రసీదు ప్రింటు రావడం లేదని. 8కి పాపకు దోసె తినిపిస్తూ, చీర అంచు ఏ రంగని అడిగినావిడకు వాట్సాప్‌లో జవాబు. 9:30కి బెంగళూరు మీటింగు, దాని మధ్యలో మళ్లీ స్కూలు. అసలైన కోడు రాయడం మొదలైంది రాత్రి 11 దాటాక. ఆ రోజు మొత్తం 14 గంటల పని. అందులో కదలకుండా ఒకే పని మీద గంటసేపు కూర్చున్నది రెండేసార్లు.

ఇది మీకు నేను చెప్పేదేముంది. మోటారు ఆన్ చేసి తోటలో నాలుగు గేటువాల్వులూ ఒకేసారి తిప్పితే డ్రిప్పు పైపు చివరి చెట్టుకు చుక్క అందదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, సేద్యానికి రోజుకిచ్చే తొమ్మిది గంటల కరెంటూ అయిపోతుంది. అందుకే మీరు వంతులేసి తిప్పుతారు. మీవాడి రోజులో ఆ వంతు లేదు.

బెంగళూరు పని పొద్దున 9:30 నుంచి 1:30 దాకా, స్కూళ్ల పని మధ్యాహ్నం 3 నుంచి 6:30 దాకా పెట్టుకోమన్నాను. స్కూళ్లకు వేరే సిమ్ము, దాని మీద వాట్సాప్ బిజినెస్. ఇన్ని గంటల తర్వాత జవాబు రేపే అని దానంతటదే మెసేజ్ పంపుతుంది. ఆదివారం ఆ సిమ్ము ఆఫ్. మొదట బెదిరాడు, స్కూళ్లు వదిలి పోతాయని. ఆదివారం రాని రసీదు సోమవారం వస్తే ఏ స్కూలూ మూతపడదు. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు మూడు వారాలు ఈ లెక్క తప్పుతుంది, తప్పనివ్వాలి. దసరా సెలవుల్లో ఆ ఫోను మోగదు కాబట్టి ఆ రోజులు ఇంటివి.

ఈ గంటలు నాతో ఒప్పుకుంటే చాలదు, మీ కోడలితో కూర్చొని వంటింటి క్యాలెండరు మీద రాయమన్నాను. ఆమె ఏమీ అనడం లేదని మీరు కాస్త నెమ్మదిగా ఉన్నట్టున్నారు. నాకైతే మీ ఉత్తరంలో అన్నిటికంటే దిగులు పుట్టించింది ఆ మాటే.

చీరల పని వదిలేయమన్నాను. నెలకు ఐదారు చీరలు పోతున్నాయి, మూడు వేలు మిగులుతున్నాయి. ఇలా కాస్త కాస్త డబ్బొచ్చేవే మనిషిని పీక్కుతింటాయి. పైసా రాకపోతే ఎవరైనా ఆపేస్తారు, మూడు వేలు వస్తుంటే ఆపబుద్ధి కాదు. మీ చెల్లెలి కూతురు డిగ్రీ చదువుతోందట కదా, ఆ ఫోటోలూ ఆర్డర్లూ ఆ అమ్మాయికి అప్పగిస్తే కమీషన్ కూడా ఆమెకే వస్తుంది.

ఇంకో మాట. ఒక్కో పనికి ఒక్కో ప్రైవేటు లిమిటెడ్ పెడతానన్నాడు. అది మాత్రం గట్టిగా వద్దన్నాను. రూపాయి ఆదాయం లేకపోయినా ప్రైవేటు లిమిటెడ్‌కు ఏటా ఆడిట్ తప్పదు, ప్రభుత్వానికి పత్రాలు దాఖలు చేయడం తప్పదు. తన పేరు మీద ఒకే ప్రొప్రైటర్‌షిప్, అంటే ఒక్కడి సొంత వ్యాపారం, చాలు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు. ఇలాంటి సేవల మీద వచ్చేది ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ కూడా అక్కర్లేదు.

ఉద్యోగం సంగతి వచ్చే జూన్ దాకా ఆపండి. ఇప్పుడు 11 స్కూళ్లున్నాయి. అప్పటికి పాతిక కాకపోతే తనే ఉద్యోగం వెతుక్కుంటానన్నాడు. ఈ రెండేళ్లూ బయోడేటాలో ఖాళీగా కనిపించవు, 11 స్కూళ్లు వాడే సాఫ్ట్‌వేర్ ఒంటిచేత్తో నడిపానని రాసుకోవచ్చు. ఈలోగా ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో చేరేదాకా బెంగళూరు పని వదలకూడదు. పెండ్లిండ్లంటారా, మీరూ కాస్త తగ్గండి. ఏడాదికి దగ్గరివాళ్లవి మూడో నాలుగో ముందే చెప్పండి, ఫోను లేకుండా వస్తాడు.

ఇక చీనీ ధరల ఆప్. దానికి ఆదాయం సున్నా. రోజూ పొద్దున్నే ధర ఎక్కించాలి, ఆండ్రాయిడ్ మారినప్పుడల్లా దాన్నీ మార్చాలి, లేకపోతే కొన్నాళ్లకు కొత్త ఫోన్లవాళ్లకు ప్లేస్టోర్‌లో దొరకదు. అన్నిటికంటే ముందు ఆపాల్సింది ఇదే అన్నాను. అన్నీ ఒప్పుకున్నవాడు ఇక్కడ చాలాసేపు పలకలేదు. చివరికి, “అది మా నాయన కోసం చేసింది సార్” అన్నాడు.

కాయ కోతకొచ్చినప్పుడు మీరు ఆ ఆప్ చూసుకుంటారా, మండీ ఆయనకు ఫోన్ చేస్తారా? ఫోనే చేస్తారని నా అనుమానం. తోట కాడికొచ్చిన వ్యాపారి టన్నుకు సూటు (తరుగు) ఎంత తీస్తాడో ఆప్ చెప్పదు కదా. నేను ఎన్నిసార్లు చెప్పినా అతను దాన్ని ఆపడు. మీరు చెబితే ఆపుతాడు. ఉద్యోగానికి పో అనే మాట పక్కన పెట్టి, ధర నేను కనుక్కుంటాలేరా అనండి.