ఊరి గాలిమర కరెంటు ఇళ్లకు అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అరవై మంది రైతులం, ఇద్దరు రైస్ మిల్లు యజమానులతో కలిసి సొసైటీ పెట్టి గాలిమర వేయాలనుకుంటున్నాం. వచ్చిన కరెంటు ఊళ్లో ఇళ్లకు ఇచ్చి బిల్లు వసూలు చేసుకోవచ్చా? సిరిసిల్లలో సెస్ (సహకార విద్యుత్ సరఫరా సంఘం) చేస్తోంది కదా? అనుకున్న స్థలం అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి). – ఒక పాఠకుడు

జవాబు: సొంత వాడకానికి కరెంటు తయారు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. 2003 విద్యుత్ చట్టం 9వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. ఇళ్లకు పంపిణీ చేసి డబ్బు తీసుకోవడం మాత్రం లైసెన్సు లేదా మినహాయింపు లేకుండా కుదరదు, 12వ సెక్షన్ అడ్డొస్తుంది. సిరిసిల్ల సెస్ 1970 నుంచి పంపిణీ కోసమే నడుస్తున్న సంఘం. ఆ పోలిక మీకు పనికిరాదు.

మీకు సరిపడేది క్యాప్టివ్ ప్లాంట్, అంటే సొంత వాడకానికి పెట్టుకునే ప్లాంటు. సభ్యుల వాడకానికి సహకార సంఘం పెట్టుకునే ప్లాంటు కూడా చట్టం దృష్టిలో క్యాప్టివే. 2005 విద్యుత్ నిబంధనల్లో 3వ నిబంధన చూడండి: కనీసం 26 శాతం యాజమాన్యం వాడకందారులది కావాలి, ఏడాదిలో తయారైన కరెంటులో కనీసం 51 శాతం వాళ్లే వాడాలి. రిజిస్టర్ అయిన సహకార సంఘమైతే ఈ లెక్క సభ్యులందరిదీ కలిపి చూస్తారు. మామూలు భాగస్వాముల బృందమైతే ఎవరి వాటాకు తగ్గట్టు వాళ్లు వాడాలి. అందుకే ముందు రిజిస్టర్ చేయించుకోండి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం మీకు బాగుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మీ రైతుల మోటార్లకు కరెంటు ఎలాగూ ఉచితం. గాలిమర కరెంటు వాడుకుంటే వాళ్లకు మిగిలేది ఏమీ లేదు. నిజంగా బిల్లు కట్టేది మిల్లులే, ఆ 51 శాతం కూడా ప్రధానంగా వాళ్లే వాడాలి. ఒక మిల్లు మూతపడితే ఆ ఏడాది లెక్క తప్పుతుంది, అప్పుడు క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి (పంపిణీ సంస్థకు కట్టాల్సిన అదనపు చార్జీ) టెన్షన్ మొదలు. గాలి బలంగా వీచేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. ఆ నెలల్లో మిల్లులు ఎంత నడుస్తాయో పాత బిల్లులు తీసి చూడండి. కోల్డ్ స్టోరేజీ, కోళ్లఫారం లాంటి వాళ్లను కూడా సభ్యులుగా చేర్చుకుంటే ధైర్యం. ఈ లెక్క తేలకుండా ఏ రైతు దగ్గరా వాటా డబ్బు తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) లైన్ల మీదుగా మిల్లుకు కరెంటు పంపితే వీలింగ్ చార్జీలు, అంటే ఆ లైన్లు వాడుకున్నందుకు కట్టేవి, ఎటూ తప్పవు, వాటినీ లెక్కలో వేయండి.

అసైన్డ్ భూమి ఆలోచన వదిలేయండి. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించే 1977 చట్టం ప్రకారం లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది, ప్రభుత్వం ఆ భూమిని వెనక్కి తీసుకోవచ్చు. నష్టపోయేది భూమి ఇచ్చిన పేదవాడే. పట్టా భూమి చూసుకుని నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) చేయించండి, ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించండి.

బ్యాంకు లోను తీసుకునేటప్పుడు సభ్యుల చేత వ్యక్తిగత హామీ సంతకాలు అడగవచ్చు. సంతకం పెట్టినవాళ్లు ఆ అప్పుకు సొంతంగా బాధ్యులవుతారు, వాళ్ల ఆస్తి మీదికీ రావచ్చు. ఆ కాగితం సభ్యులకు తెలుగులో చదివి వినిపించాకే ముందుకు వెళ్లండి.