షాఫ్ట్‌లో పగులు ఏటవాలుగా ఎందుకు పాకింది?

బాలానగర్‌లో లేత్ పని చేసే మీరు అడిగింది: లోడు పరిమితిలోనే ఉన్నా షాఫ్ట్ విరిగింది, అదీ ఏటవాలుగా, ఎందుకని.

వంపు ఒక్కటే ఉంటే పగులు అడ్డంగానే పాకుతుంది. మారుతూ ఉండే మెలి తోడైతే, లాగుడు గరిష్ఠమయ్యే దిశ పక్కకు తిరుగుతుంది. పగులు దానికి లంబంగా దారి మళ్లుతుంది. మెలి ఒక్కటే అయితే దాదాపు 45 డిగ్రీలు. సుద్దముక్కను మెలిపెట్టి విరవండి, అదే వాలు కనిపిస్తుంది. అసలు చిక్కల్లా రెండు లోడ్లూ ఒకేసారి గరిష్ఠానికి రాకపోతేనే. అప్పుడు ఆ దిశ, లోడు పడి తగ్గే ప్రతి చక్రంలోనూ తిరుగుతుంటుంది, విడివిడిగా వేసిన లెక్కలు తప్పుతాయి.

పరిమితి అంటారా, అది ఒక్కసారి పడే లోడుకి. లక్షలసార్లు పడితే లెక్క వేరు. ఒక్కో చక్రానికి పగులు ఎంత పెరుగుతుందో చెప్పే పారిస్ సూత్రంలో ఉక్కుకు ఘాతం సుమారు 3. పగులు కొస దగ్గర ఒత్తిడి తీవ్రత హెచ్చుతగ్గులు రెట్టింపైతే పగులు పెరిగే వేగం 8 రెట్లు. పదునైన మూలల్లో ఒత్తిడి పోగవుతుంది, అందుకే ఈసారి కీవే (కీ కూర్చునే గాడి) మూలల్ని పదునుగా వదలకండి, కాస్త గుండ్రం చేయండి.