లక్ష కంప్యూటర్ వద్దు, పాతవి రెండు కొనండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి, బియ్యం మిల్లు ఉంది. మా కుర్రాడు బీసీఏ రెండో సంవత్సరం. లినక్స్ సర్వర్ల పని నేర్చుకుంటానని లక్ష రూపాయల కంప్యూటర్ అడుగుతున్నాడు. అంత పెట్టాలా? ఆ ఉద్యోగాలు ఎక్కడ ఉంటాయి?

జవాబు: అంత అక్కర్లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగింది. ఆరో తరం ఇంటెల్ డెస్క్‌టాప్‌లను విండోస్ 11 ఒప్పుకోదు, అందుకని ఆఫీసులు వాటిని వదిలించుకుంటున్నాయి. లినక్స్‌కి (విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అవి భేషుగ్గా సరిపోతాయి. విశాఖలోనో బరంపురంలోనో సెకండ్‌హ్యాండ్ షాపుల్లో అలాంటివి రెండు చూడండి. రెండెందుకంటే, సర్వర్ (మిగతా కంప్యూటర్లకు సేవలందించే మిషన్) చూసుకునేవాడి విలువ తెలిసేది అది మొరాయించిన రోజునే. పాడుచేసి బాగుచెయ్యడం ఒక్క మిషన్‌తో వంటబట్టదు.

స్టిక్కర్ చూసి కొనకండి. కింద చెప్పే పరీక్ష రెడ్‌హ్యాట్ కంపెనీది. వాళ్ల లినక్స్ 10కి ఏవీఎక్స్2 (ప్రాసెసర్‌లోని ఒక రకం లెక్కల ఆదేశాలు) ఉన్న ప్రాసెసర్ కావాలి. ఐ5లో అది నాలుగో తరం నుంచి ఉంది. మూడో తరంలో లేదు, ఆరో తరమైనా పెంటియం, సెలెరాన్‌లలో లేదు. ర్యామ్ 16 జీబీ ఉండాలి. ఇవి ఈసీసీ (తప్పులు పట్టి దిద్దే ఏర్పాటు) లేని ర్యామ్‌లు, తప్పు చేసినా చెప్పవు. కొన్న రాత్రే మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) పెట్టి తెల్లారేదాకా వదిలెయ్యాలి. ఒక్క ఎర్ర గీత కనిపించినా వాపసు ఇచ్చెయ్యండి. బయాస్‌లో (మిషన్ లేవకముందే తెరిచే సెట్టింగుల తెర) వర్చువలైజేషన్ (ఒకే మిషన్‌లో చాలా మిషన్లు నడిపే వీలు) చాలాసార్లు ఆపి ఉంటుంది, ఆన్ చెయ్యాలి. కరెంటు వచ్చాక దానంతటదే లేచే సెట్టింగ్ కూడా అక్కడే ఉంటుంది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ కొత్తది వేస్తే ఇవి చెరిగిపోవు.

మొదటి మిషన్‌లో రెండు ఎస్ఎస్‌డీలు పెట్టి డెబియన్‌ను (ఒక రకం లినక్స్) రెయిడ్ 1 (రెండు డిస్క్‌ల్లోనూ ఒకే డేటా రాసే పద్ధతి) మీద ఎక్కించాలి. రెండూ ఒకే బ్యాచ్‌వి అయితే దాదాపు ఒకేసారి పోయే ప్రమాదం ఉంది, వేర్వేరు కంపెనీలవి తీసుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక ఎండీస్టాట్ అనే ఫైల్లో రెండు 'యు'లు (రెండు డిస్క్‌లూ పనిచేస్తున్నాయని గుర్తు) కనిపిస్తాయి. చాలామంది అక్కడితో సంబరపడి ఆగిపోతారు. మిషన్ ఆపి మొదటి డిస్క్ కేబుల్ పీకి మళ్లీ ఆన్ చెయ్యమనండి. నల్ల తెర మీద కర్సర్ కొట్టుకుంటూ ఉండిపోవచ్చు. డేటా రెండో డిస్క్‌లో భద్రంగానే ఉంది, కానీ మిషన్‌ను బూట్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రాం మొదటిదాని మీదే పడింది. గ్రబ్‌ను రెండో డిస్క్ మీదా వెయ్యాలి (కొత్త తరహా బయాస్ అయిన యూఈఎఫ్ఐ అయితే, బూట్ ఫైళ్లుండే ఈఎస్‌పీ విభజనకీ ఇదే జాగ్రత్త). ఇది ఇంటర్వ్యూలో వివరించగలిగితే సర్టిఫికెట్ అడగకుండానే మాట ముందుకు సాగుతుంది.

తర్వాత పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. దాన్ని పరీక్షించే పీజీబెంచ్ అనే పరికరంతో స్కేల్ 100 పెడితే కోటి వరసల పట్టిక తయారవుతుంది. షేర్డ్ బఫర్స్ (డేటాబేస్ తన కోసం ఉంచుకునే ర్యామ్) మామూలుగా 128 ఎంబీయే ఉంటుంది, 16 జీబీ మిషన్‌లో 4 జీబీ చెయ్యొచ్చు. వేగం కోసం ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్క్‌లో చేరేలా చూసే సెట్టింగ్) ఆపెయ్యమనే సలహా ఎక్కడో ఒకచోట కనబడుతుంది. ఆపితే, కరెంటు పోయినప్పుడు డేటాబేస్ మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. మన వైపు కోతలు తెలిసిందే, యూపీఎస్ తప్పదు. రెండో మిషన్‌ను ఈ డేటాబేస్‌కి నకలుగా నిలబెట్టి, మొదటిది ఆపేసి పని దాని మీదకు మార్చాలి. ఇది చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

తర్వాత రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష. మూడు గంటలూ మిషన్ మీద పని చేసి చూపించాలి, 300కి 210 వస్తే పాస్. రీబూట్ చేశాక నిలవని సెట్టింగ్‌కు మార్కుల్లేవు. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో రాసే ఫైలు) ఒక్క అక్షరం తప్పితే మిషనే లేవకపోవచ్చు.

ఉద్యోగాలు పర్లాకిమిడిలో దాదాపు లేవనే అనుకోండి. విశాఖ, హైదరాబాద్, భువనేశ్వర్ వైపు లినక్స్ అడ్మిన్, సర్వర్ సపోర్ట్ పేర్లతో చూడాలి. మొదట్లో రాత్రి షిఫ్టులు ఉంటాయి. కుర్రాడికి ఒడియా కూడా వస్తే భువనేశ్వర్‌ను వదలొద్దు.

మిల్లులో ట్యాలీ నడిచే కంప్యూటర్ జోలికి మాత్రం పోనివ్వకండి, ట్యాలీ విండోస్ మీదే నడవాలి. రాత్రి ట్యాలీ మూసేశాక ఆ డేటా ఫోల్డర్ లినక్స్ మిషన్‌లోకి కాపీ అయ్యేలా పెట్టమనండి. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి ధాన్యం బిల్లు మీకు చూపించమనండి.