పందికొక్కు ఇంగ్లిష్‌లోకి పోయిన దారి

బిడ్డా,

నీ ఉత్తరం చేరింది. కాలేజీలో ఏదైనా వింత ఇంగ్లిష్ మాట పుట్టుక రాసుకు రమ్మన్నారని, ఏది తీసుకోవాలో తోచక టెన్షన్ పడుతున్నానని రాశావు. 'బ్యాండికూట్' తీసుకో. అది మన పందికొక్కే.

ముందే డిక్షనరీ తెరవకు. ఆదివారం నల్లగొండ నుంచి ఇంటికి రా, పొలం ఒడ్డు మీద బొరియ చూపిస్తాను. మూతి దగ్గర కొత్తమట్టి కుప్ప ఉంటుంది. తవ్వితే లోపల అది కొరికి దాచుకున్న వరి వెన్నులు కనిపిస్తాయి. పట్టబోతే పందిలా గుర్రుమంటుంది. కొక్కు అంటేనే పెద్ద ఎలుక. ముందు 'పంది' ఎందుకు చేరిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

మరి 'ప' కాస్తా 'బ' ఎట్లయింది? అరచెయ్యి నోటి ముందు పెట్టుకొని 'పంది' అను. తర్వాత ఇంగ్లిష్ వాళ్లు అన్నట్టు 'పిగ్' అను. రెండోసారి చేతికి గాలి తగులుతుంది. మన 'ప'లో ఆ గాలి లేదు, అందుకే వాళ్ల చెవికి 'బ'లా వినిపించి ఉంటుంది. ఈ ముక్క మాత్రం వదలకుండా రాయి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా, పిల్లలు అరచెయ్యి చూసుకొని ఆశ్చర్యపోయే ఆ క్షణమే నాకు ఎక్కువ ఇష్టం.

పుస్తకాలు ఆ తర్వాత. బ్రౌన్ దొర 1852 నిఘంటువులో 'కొక్కు' చూడు. ఇంగ్లిష్‌లో కలిసిన మన దేశపు మాటల నిఘంటువు, యూల్, బర్నెల్ కూర్చిన 1886 నాటి హాబ్సన్-జాబ్సన్‌లో 'బ్యాండికూట్' చూడు. అందులో పాత వాడుకలు సంవత్సరాలతో సహా ఉంటాయి, వరుసగా రాసుకో. రెండూ నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఆస్ట్రేలియాలో బ్యాండికూట్ అనేది అసలు ఎలుక కాదు, పిల్లల్ని సంచిలో మోసే వేరే జంతువు. పోలిక చూసి తెల్లవాళ్లు ఈ పేరు దానికీ పెట్టారు. రెండింటినీ కలిపెయ్యకు.

ఒక్క జాగ్రత్త. 'కట్టు' మన మాటే కదా అని క్యాటమరాన్ అనే పడవ పేరు తెలుగు నుంచి వచ్చిందని ఒకప్పుడు క్లాసులో గట్టిగా చెప్పాను. అది తమిళం వాళ్ల కట్టుమరం. మరం అంటే వాళ్లకు చెట్టు. మర్నాడు పిల్లల ముందు దిద్దుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. మాట పోలిక ఒక్కటే చూసి మనదని రాసెయ్యకు. అర్థం, శబ్దం, పాత వాడుక మూడూ కుదిరితేనే రాయి.

పార తీసి పెడతాను. పొద్దున్నే బస్సెక్కు, ఎండ ముదిరితే ఒడ్డు మీద నిలబడలేవు.

మీ తాత