మిషన్ ఆగినప్పుడే జాగ్రత్త

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నూజివీడు తోటకి పెట్రోలుతో నడిచే గడ్డి కోసే మిషన్ కొన్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. మంచి పని చేశావు. కాయ కోతలై వానలు పట్టాక మామిడి చెట్ల కింద తుంగ, వయ్యారిభామ నడుమెత్తు లేస్తాయి. సరిగ్గా అప్పుడే కూలీలంతా నాట్లకు పోతారు. గడ్డిమందు కొట్టడం కన్నా కోసి అక్కడే వదిలేస్తే నేలకీ మేలే.

ఆ మిషన్ నేను పదేళ్ళుగా భుజాన వేసుకుంటున్నాను. బ్లేడు గిర్రున తిరుగుతున్నప్పుడు ఎవరికైనా భయం ఉంటుంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు. ఇంజిన్ ఆపగానే ఆ భయం పోతుంది. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ ఆ తర్వాత జరిగినవే. అందుకే ఈ ఉత్తరం.

నా ఎడమ ముంజేతి మీద మచ్చ చూశావు కదా. చిన్నప్పుడెప్పుడో అన్నం వార్చుతుంటే కాలిందని మీకు చెప్పాను. అది నిజం కాదు. మిషన్ కొన్న రెండో ఏడు, ఇంకో రెండు సాళ్ళు మిగిలాయనగా పెట్రోలు అయిపోయింది. వాన మబ్బు పట్టింది, తొందర. మిషన్‌ని గట్టు మీద పెట్టి, వెంటనే మూత తీసి, గరాటు లేకుండానే డబ్బా వంచాను. గుక్కెడు పెట్రోలు ఒలికి సైలెన్సర్ మీద పడింది. భగ్గుమంది. మంట నేను చూసేలోపే చొక్కా చేతికి అంటుకుంది. అప్పుడు పక్కనున్న మనిషి మట్టి దోసిళ్ళతో కొట్టి ఆర్పాడు. పది నిమిషాలు ఆగి ఉంటే సరిపోయేది.

కాబట్టి ఇంజిన్ ఆపాక నీడలో కూర్చుని మంచినీళ్ళు తాగు. సైలెన్సర్ చల్లారాకే మూత తియ్యి. గరాటు పెట్టి పొయ్యి, నిండా పొయ్యకు. ఒలికితే గుడ్డతో తుడువు. మిషన్‌ని పోసిన చోటు నుంచి పది అడుగులు అవతలికి తీసుకెళ్ళి అక్కడ స్టార్ట్ చెయ్యి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల పట్టుకుని పాకుతుంది. దగ్గర్లో ఎవరినీ బీడీ ముట్టించనివ్వకు. ఓ బకెట్ ఇసుక దగ్గర ఉంచుకో. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే అది నీళ్ళ మీద తేలి ఇంకా పరుచుకుంటుంది.

డబ్బాని మోటారు షెడ్డులో పెట్టొద్దు. అక్కడ స్టార్టర్ పడినప్పుడల్లా నిప్పురవ్వ వస్తుంది. ఆ షెడ్డులో తలుపేసి మిషన్ స్టార్ట్ చేసి చూడటం కూడా వద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే పడిపోతాడు.

ఇంకొకటి మరీ మరీ చెబుతున్నాను. పెట్రోలుని నీళ్ళ సీసాలో పొయ్యకు. మా పక్క తోటలో కూలీ మనిషి కొడుకు, అయిదేళ్ళ వాడు, దాహమేసి అలాంటి సీసా ఎత్తి తాగాడు. పెద్దవాళ్ళు కంగారులో ఉప్పునీళ్ళు పట్టి కక్కించబోయారు. అది చెయ్యకూడదు. కక్కేటప్పుడు పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవడమే. వాడు బతికాడు, దేవుడి దయ.

ఆయిల్ సంగతి. నీది టూ స్ట్రోక్ ఇంజిన్ అయితే పెట్రోలులో టూటీ ఆయిల్, అంటే ఆ ఇంజిన్లకని అమ్మే ఆయిల్, కలపాలి. మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో 25:1 అని, అంటే 25 పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిల్ అని, ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20. ఫోర్ స్ట్రోక్ అయితే కలపకూడదు, ఆయిల్ విడిగా పోస్తారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటుంది, అది తేమని పీలుస్తుంది. ఆయిల్ కలిపిన పెట్రోలు నెల దాటి ఉంచకు. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి పక్కన పెట్టు.

గడ్డి చుట్టుకుని బ్లేడు ఆగిపోయిందనుకో, చెయ్యి పెట్టకు. ఇంజిన్ ఆపి, మళ్ళీ స్టార్ట్ కాకుండా ప్లగ్ క్యాప్ ఊడదీసి, అప్పుడు గడ్డి లాగు. బ్లేడు నట్టు చాలా మిషన్లకి ఎడమ మర, మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడుతుంది. తెలియక బలంగా తిప్పి చెయ్యి జారి కోసుకుంటారు. యాక్సిలరేటర్ వదిలినా బ్లేడు తిరుగుతూనే ఉంటే ఆ రోజు పని ఆపి మెకానిక్‌కి చూపించు.

నడిపేటప్పుడు కళ్ళద్దాలు, చెవులకి మూత, మోకాలిదాకా బూట్లు. పాములకీ అవే కాపు. లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. ముందు సాళ్ళ వెంట నడిచి రాళ్ళు, కంచె తీగ ముక్కలు ఏరెయ్యి. డ్రిప్పు పైపులు పక్కకి లాగి పెట్టు. చుట్టూ 15 మీటర్లలో మనిషి గానీ గొడ్డు గానీ ఉండకూడదు. ఎవరైనా వెనక నుంచి వచ్చి భుజం తట్టబోతే తిరగకు, ముందు ఆపు. కుడి నుంచి ఎడమకి కొడుతూ పో. బ్లేడు ముందువైపు కుడి అంచు చెట్టు మొదలుకి తగిలిందా, మిషన్ మొత్తం వెనక్కి తన్నుతుంది. మొదళ్ళ చుట్టూ కొడవలితోనే కోయించు, లేత మొక్కల బెరడు కూడా నిలుస్తుంది. బ్లేడు బదులు బిగించే నైలాన్ దారం అరిగిపోతే దాని బదులు ఇనప తీగ కట్టేవాళ్ళని చూశాను. ఆ ముక్క తెగితే తూటాలా పోతుంది. ఆ పని ఎవరు చెప్పినా చెయ్యొద్దు.

గంట కోస్తే పావుగంట ఆగు. వేళ్ళు తిమ్మిరెక్కితే ఆ పూటకి చాలు.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి వస్తాను. నేను వచ్చేదాకా మిషన్ స్టార్ట్ చేసే తాడు లాగకు. కళ్ళద్దాలు రెండు జతలు కొని ఉంచు.

ఇట్లు,
పెదనాన్న