నర్స్ రెసిడెన్సీ అంటే చదువా, ఉద్యోగమా?

ఉద్యోగమే. అమెరికా ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన నర్సులకు సీనియర్ల తోడుతో పని అలవాటు చేసే పద్ధతి ఇది, మొదటి రోజు నుంచే జీతం వస్తుంది. నెల్లూరు, ఒంగోలులో బీఎస్సీ నర్సింగ్ చేసి అమెరికా వైపు చూసేవాళ్ళలో చాలామంది అక్కడి న్యూ గ్రాడ్యుయేట్ రెసిడెన్సీని డాక్టర్ల పీజీ లాంటిదనుకుంటారు, కానీ దీనికి డిగ్రీ ఏమీ ఇవ్వరు.

కాలేజీలో ఎంత నేర్చుకున్నా, ఒంటరిగా వార్డు చూసుకోవడం వేరే సంగతి. ఆ టెన్షన్‌కే కొత్తవాళ్ళు మొదటి ఏడాదిలో మానేస్తుంటారు కాబట్టి ఆసుపత్రులు ఈ పద్ధతి పెట్టుకున్నాయి. ఏఏసీఎన్ అనే అమెరికా నర్సింగ్ కాలేజీల సంఘం మరో సంస్థతో కలిసి 2002లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అయితే ఏడాది పాటు సాగుతుంది.

ఉదాహరణకి సర్జరీ వార్డులో చేరిన అమ్మాయికి మొదట్లో ఒకరిద్దరు పేషెంట్లనే ఇస్తారు, ఇన్సులిన్ సిరంజిలోకి తీసేటప్పుడు కూడా ప్రిసెప్టర్ అనే సీనియర్ నర్సు పక్కనే ఉండి చూస్తుంది, చేయి తిరిగాక మిగతావాళ్ళతో సమానంగా పేషెంట్లను అప్పగిస్తారు.

మన ఫైనలియర్ ఇంటర్న్‌షిప్‌తోనూ దీన్ని కలపొద్దు. అది డిగ్రీలో భాగం, ఇది ఎన్‌క్లెక్స్ అనే అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష పాసై ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు వచ్చాక చేసేది. ఇంకో మెలిక, ఇక్కడ రెండు మూడేళ్ళు పనిచేసి వెళ్తే చాలాచోట్ల ‘కొత్త గ్రాడ్యుయేట్’ కింద తీసుకోరు.